పైసలు పోయినట్టా బిడ్డా?

భూమి రికార్డులు ఆన్‌లైన్‌కు ఎక్కాక నల్లగొండ, పాలమూరు రైతుకు సర్కారు ఎదురయ్యేది ఎక్కువగా వెబ్ పేజీలోనే. 2020 అక్టోబర్ 29న ధరణి పోర్టల్ మొదలైంది. దాని స్థానంలోకి 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. ముందుగా ప్రయోగం జరిగిన నాలుగు మండలాల్లో నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి.

వెబ్ అప్లికేషన్లు పరీక్షించడం నా పని. ఏ సైటు చేతికొచ్చినా నేను మొదట చూసేది ఎర్రర్ పేజీని. మిగతా పేజీలకు డెమోలుంటాయి, మెచ్చుకునే పెద్దలుంటారు. ఎర్రర్ పేజీ మాత్రం మీసేవ కౌంటర్ ముందు నిలబడ్డ మనిషికే కనిపిస్తుంది. చలానా కట్టాక తెర తెల్లబడితే ఆయన అడిగేది ఒక్కటే: "పైసలు పోయినట్టా బిడ్డా?" కౌంటర్‌లో ఉన్న పిల్లగాడికీ తెలియదు. "సర్వర్ డౌన్ ఉంది తాతా, రేపు రాండ్రి" అంటాడు. ఆ రోజు కూలి పోయినట్టే. ఆ ప్రశ్నకు జవాబు ఎర్రర్ పేజీలోనే, తెలుగులోనే ఉండాలి.

పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో ఎర్రర్ పేజీని పరీక్షించడానికి ఒక మెలిక ఉంది. వ్యూలో ఎక్సెప్షన్ వస్తే టెస్ట్ క్లయింట్ 500 పేజీని, అంటే సర్వర్ ఎర్రర్ పేజీని, చూపించదు, ఆ ఎక్సెప్షన్‌నే టెస్టులోకి విసిరేస్తుంది. 'రైజ్ రిక్వెస్ట్ ఎక్సెప్షన్' అనే సెట్టింగును ఫాల్స్ చేస్తేనే జనం చూసే పేజీ మనకూ కనిపిస్తుంది. అది చేయకపోతే 500 పేజీని ఎవరూ చూడకుండానే సైటు జనంలోకి పోతుంది.

అందం కోసం కొందరు 500 పేజీకి సొంత హ్యాండ్లర్ రాసి, పేజీ పైన లాగిన్ అయిన మనిషి పేరు పెడతారు. ఆ పేరు ఉండేది డేటాబేస్‌లో. పడిపోయింది డేటాబేసే అయితే ఎర్రర్ పేజీ కూడా దానితోపాటే పడిపోతుంది. జాంగో తన 500 టెంప్లేటుకు ఏ వేరియబులూ అందించదు, అదే సరైన పద్ధతి.

"క్షమించండి" అని తెర మీద రాసి, లోపల 'అంతా బాగుంది' అనే 200 కోడ్ పంపడం అబద్ధమాడటమే. మానిటరింగ్ ఆ కోడ్‌నే నమ్ముతుంది, సైటు పడిపోయిన సంగతి తెల్లారేదాకా ఎవరికీ తెలియదు. మరమ్మతు జరుగుతుంటే 'సేవ ప్రస్తుతం అందుబాటులో లేదు' అనే 503 పంపాలి, మళ్లీ ఎప్పుడు రావాలో రిట్రై-ఆఫ్టర్ హెడర్‌లో చెప్పాలి.

నల్లగొండ, పాలమూరు దగ్గరి దివిటిపల్లి ఐటీ టవర్లలో పనిచేసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా విన్నపం: ఈ వారం మీ ప్రాజెక్టులో చెల్లింపు జరిగే వ్యూను కావాలని పడగొట్టండి. వచ్చిన పేజీని చిన్న ఫోన్‌లో తెరిచి, మీ ఇంట్లో పెద్దవాళ్లతో చదివించండి.