నరసింహుని చేతులు

విగ్రహము నెదుట నిలిచినవారి చూపు తొలుత ముఖముమీద వ్రాలుట సహజము. నేనును చాలకాల మట్లే చూచితిని. నరసింహుని విషయమున ఆ యలవాటు నాకు అక్కఱకు రాలేదు. జూలు, కోఱలు, వెలికుఱికిన కన్నులు ఏ కాలపు శిల్పి చెక్కినను ఇంచుమించుగా ఒక్క భయమునే పలుకును. కాలభేదము తెలియునది చేతులయందు. ఈ యెఱుక కలిగిన పిమ్మట ఎచ్చట నృసింహమూర్తి కనబడినను ముందుగా చేతులనే వెదకుచున్నాను.

పల్నాటిలో పిడుగురాళ్ళకు చేరువనున్న కొండమోటున దొరకినదియు, ఇక్ష్వాకుల నాటిదని పండితు లెంచునదియు నైన సున్నపురాతి పలకను హైదరాబాదు ప్రదర్శనశాలలో మొదటిసారి చూచినప్పుడు, అందలి మూర్తి నరసింహుడని నాకు తోచుటకే చాలసేపు పట్టినది. అచ్చట కూర్చున్నది సింహమే. నరదేహము లేదు. ఱొమ్మున శ్రీవత్సము, మెడ చెంతనుండి వెలువడిన రెండు మానవహస్తములు, వానిలో గదయు చక్రమును, అంతియే. ఇరుప్రక్కల ఐదుగురు వృష్ణివీరులు నిలిచియున్నారు. “ఇంకను చేయి తిరుగని కాలమండీ అది” అని నాతో వచ్చిన మిత్రు డనెను. ఆ మాట నే నానా డొప్పుకొనలేదు, ఈనాడును ఒప్పుకొనను. నడుము వంపును, భుజముల నిండుదనమును ఎఱిగి ఆ యైదుగురను నిలువబెట్టిన యులికి, అట్టి దేహమొకదానిపై సింహశిరస్సు నమర్చుట ఏపాటి పని? శిల్పి దానిని కోరలేదు. అతని భావమున దేవుడు సింహముగానే వచ్చినాడు; ఆ సింహము విష్ణువని చాటుటకే ఆ రెండు చేతులు. తొలినాటి శిల్పమున మనకు లోపముగా తోచుదానిని లోపమనుటకు ముందు, ఆ ప్రక్కనే అదే చేయి చెక్కిన మఱియొక రూపమును చూడవలెను. ప్రాతదానికంటె క్రొత్తది మేలను తలపు మనకు ఎంతో సులభముగా వచ్చును గనుక ఈ మాటను నొక్కి చెప్పుచున్నాను.

బాదామి మూడవ గుహలో, 578లో చాళుక్య మంగళేశుని పూనికతో వెలసిన నరసింహుడు సర్వాంగసుందరమైన నరదేహముతో నిలిచియున్నాడు. దైత్యుడు లేడు, పోరు లేదు. ఆ నాలుగు చేతులలో ఏదియు ఎవనిని పట్టుకొనలేదు. ఎల్లోరా పదునైదవ గుహలో, రాష్ట్రకూటుల నాటికి, కథ అంతయు చేతులలోనికి వచ్చినది: అనేకబాహువైన దేవుడు ఒరిగి హిరణ్యకశిపుని ఒడిసిపట్టుచున్నాడు, కాలితో కాలు పెనవేసికొన్నది, దైత్యుడు ఖడ్గ మింకను విడువలేదు. సంహారమునకు ముందరి ఆ క్షణమునే శిల్పి ఎన్నుకొన్నాడు. దానికి మించిన యెన్నిక ఆ గుహలో లేదని నా నమ్మకము.

సింహాచలమున ఈ వెదకులాట సాగదు. అక్షయతృతీయనాడు తప్ప స్వామి ఏడాది పొడుగునను చందనమున మఱుగుపడియుండును. భక్తు డచ్చట కనబడని చేతులకే మ్రొక్కును.

హంపిలో శ్రీకృష్ణదేవరాయలు 1528లో ఏకశిలలో మలపించిన మూర్తి, ఇరువది రెండడుగుల యెత్తున, ఏడుపడగల శేషుని నీడలో కూర్చున్నది. జనులు ఉగ్రనరసింహు డందురు. ఆ పేరు నన్ను బాధించును. విజయనగర పతనానంతరము చేతులు విఱిగినవి. ఎడమతొడపై కూర్చున్న లక్ష్మి కూలినది. ఆమె లేని యొడికి పైన మిగిలిన ఆ పెద్దకన్నులను చూచి లోకము కోపమనుకొన్నది. మోకాళ్ళను కలుపుచు నేడు కనబడు రాతిపట్టె పునరుద్ధరణమున అమర్చినది. ఐనను ఆ కూర్చుండిన తీరు యోగమునకు చెందినదే గాని యుద్ధమునకు చెందినది కాదు.

మునుపొకమాఱు నేనా విగ్రహము వెనుకకు పోయి చూచితిని. స్వామి చేతు లొక్కటియు నిలువలేదు గాని, ఆయన వీపును చుట్టిన అమ్మవారి చేయి మాత్రము అట్లే యున్నది. వ్రేళ్ళకు ఉంగరములు, గోళ్ళతోసహా.