రెండు అపరక్రియల మధ్య కథ: ‘మహావతార్ నరసింహ’ చిత్రం – తెలుగు ప్రహ్లాద సంప్రదాయం

ఉపోద్ఘాతం

తెలుగునాట ప్రహ్లాద చరిత్రకు లభించినంత వ్యాప్తి చాలా తక్కువ కథలకు లభించింది. ఎఱ్ఱన ‘నృసింహపురాణం’, పోతన భాగవతంలోని సప్తమస్కంధం, కూచిపూడి భాగవతుల ప్రదర్శనలు, తమిళనాడులోని మేలట్టూరులో నేటికీ తెలుగులో ఆడుతున్న భాగవతమేళ, త్యాగరాజు ‘ప్రహ్లాద భక్తి విజయం’ ఈ వ్యాప్తికి నిదర్శనాలు. తెలుగు తొలి టాకీకి కూడా ఈ కథే వస్తువైంది. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వం వహించిన ఆ ‘భక్త ప్రహ్లాద’ 1932లో విడుదలైందని ఇటీవలి పరిశోధకులు నిర్ధారించారు. ఈ పరంపరలో 2025 జూలై 25న యానిమేషన్ చిత్రం ‘మహావతార్ నరసింహ’ చేరింది. అశ్విన్ కుమార్ దర్శకత్వంలో క్లీమ్ ప్రొడక్షన్స్ నిర్మించి, హోంబలే ఫిలింస్ సమర్పించిన ఈ చిత్రం తెలుగు సహా ఐదు భాషల్లో వచ్చి, భారతీయ యానిమేషన్ చిత్రాలలో అత్యధిక వసూళ్లు సాధించింది. పురాణకథను సూపర్‌హీరో చిత్రాల చట్రంలోకి తెచ్చినప్పుడు కథలోని ఏ అంశాలు పెరిగాయి, ఏవి తగ్గాయి అన్న విషయాన్ని తెలుగు సంప్రదాయం వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

సూపర్‌హీరో చట్రం – కథాక్రమం

ఈ చిత్రం ఒంటరిగా రాలేదు. నరసింహుడి కథతో మొదలై 2037 నాటి కల్కి రెండో భాగం వరకు సాగే ఏడు చిత్రాల వరుసలో ఇది మొదటిదని నిర్మాతలు ప్రకటించారు. ఆ వరుసకు పెట్టిన ‘సినిమాటిక్ యూనివర్స్’ అనే పేరు అమెరికన్ సూపర్‌హీరో చిత్రాల నుంచి వచ్చింది. తెలుగులో ప్రశాంత్ వర్మ తీసిన ‘హను-మాన్’ (2024) కూడా ఇటువంటి వరుసకే నాంది పలికింది. అయితే అందులో పురాణపాత్ర శక్తి ఒక సామాన్య యువకుడికి సంక్రమిస్తుంది. ‘మహావతార్ నరసింహ’లో పురాణపాత్రే నేరుగా యోధుడు.

కథ దితి, కశ్యపుల ఘట్టంతో ప్రారంభమై వరాహ–హిరణ్యాక్షుల పోరు, హిరణ్యకశిపుడి తపస్సు, వరప్రాప్తి, నారదాశ్రమంలో కయాధువు, ప్రహ్లాదుడి విద్యాభ్యాసం, అతడిపై హత్యాప్రయత్నాలు, హోలిక ఘట్టాల మీదుగా స్తంభోద్భవానికి చేరుతుంది. ఈ క్రమంలో వరాహుడి పోరు పతాక ఘట్టానికి నమూనాగా పనిచేస్తుంది. ఒక రాక్షసుడు, ఒక అవతారం, ఒక ద్వంద్వయుద్ధం అన్న లెక్క ప్రేక్షకుడికి ముందే అలవాటవుతుంది. ఆ పైన ప్రహ్లాదుడి కథ అంతా రెండో పోరుకు నిరీక్షణగా మారుతుంది.

భాగవతంలో పోరు లేదని చెప్పడానికి వీల్లేదు. హిరణ్యకశిపుడు గద ఎత్తుతాడు, నరసింహుడి పట్టు నుంచి ఒకసారి జారిపోతాడు, కత్తీ డాలూ పట్టి మళ్లీ తలపడతాడు. చిత్రంలోని యుద్ధానికి ఈ బీజం మూలంలోనే ఉంది. అందువల్ల యుద్ధాన్ని చూపడాన్ని దోషంగా పరిగణించలేము. ఆ యుద్ధానికి కథలో ఇచ్చిన స్థానమే ఇక్కడ పరిశీలించదగిన అంశం.

ప్రతినాయకుడి దుఃఖం

సప్తమస్కంధంలో హిరణ్యకశిపుడు మొదట కనిపించేది తమ్ముణ్ణి పోగొట్టుకున్న అన్నగా. అతడు కోపంతో దైత్యులను లోకాల మీదికి పంపుతాడు. ఆ వెంటనే తమ్ముడికి ఉదకక్రియలు జరిపి, తల్లి దితిని, తమ్ముడి భార్యను, పిల్లలను ఓదారుస్తాడు. ఆ ఓదార్పులో సుయజ్ఞుడనే రాజు కథ వస్తుంది. చనిపోయిన రాజు చుట్టూ చేరి ఏడుస్తున్న బంధువుల వద్దకు యముడు బాలుడి రూపంలో వచ్చి, దేహం అనిత్యమని బోధిస్తాడు. ఆ కథను తల్లికి చెప్పి దుఃఖం మాన్పినవాడు హిరణ్యకశిపుడే. ఆ తరువాతే అతడు మరణం లేని వరం కోరి తపస్సుకు వెళ్తాడు.

దేహం నిలవదని ఇతరులకు చెప్పగలిగినవాడు తన దేహం నిలవాలని కోరడంలోనే ఈ పాత్ర విషాదం ఉంది. పోతన తెలుగుచేసిన ఈ ఉపాఖ్యానం కేవలం పిట్టకథ కాదు. మొత్తం స్కంధంలోని వైరుధ్యాన్ని ఇది ముందుగానే సూచిస్తుంది. అలంకారశాస్త్రం ప్రతినాయకుణ్ణి ధీరోద్ధతుడిగా నిర్వచిస్తుంది. ఆ ఔద్ధత్యం వెనుక జ్ఞానం కూడా ఉన్నప్పుడు పాత్ర మరింత భయంకరమవుతుంది. చిత్రంలో తమ్ముడి మరణం పగకు కారణం మాత్రమే అయింది. తత్త్వం తెలిసిన శత్రువు స్థానంలో బలం మాత్రమే గల శత్రువు నిలిచాడు.

1967లో ఏ.వి.ఎం. సంస్థ నిర్మించిన, చిత్రపు నారాయణమూర్తి దర్శకత్వం వహించిన ‘భక్త ప్రహ్లాద’ను ఇక్కడ పోల్చి చూడవచ్చు. అందులో ఎస్.వి. రంగారావు హిరణ్యకశిపుడు, రోజారమణి ప్రహ్లాదుడు, అంజలీదేవి తల్లి. రంగారావు నటనలో గర్జన ఎంత ఉందో, కొడుకు మీద మమకారం అంత ఉంది. శిక్ష విధించే నోటికీ కొడుకును చూసే కంటికీ మధ్య పొత్తు కుదరకపోవడం ఆ పాత్రకు ప్రాణం. యానిమేషన్‌లో నటుడి ముఖం లేదు. ఆ లోటును ఈ చిత్రం పాత్ర కాయాన్ని పెంచి పూరించింది. దేహం పెరిగిన కొద్దీ తండ్రి తగ్గి రాక్షసుడు మిగిలాడు. ఇది యానిమేషన్ మాధ్యమానికి సహజమైన పరిమితి కాదు. చూపును, మౌనాన్ని గీయడం కూడా ఆ కళకు సాధ్యమే. కాని యుద్ధం మీద పెట్టిన శ్రద్ధ తండ్రి ముఖం మీద పెట్టలేదు.

నాయకుడెవరు?

సూపర్‌హీరో కథలో నాయకుడికి అతీతశక్తి ఉండాలి. ప్రహ్లాదుడికి అది లేదు. అతడు ఏనుగును ఆపడు, పామును చంపడు, విషాన్ని విరగ్గొట్టడు. చండామార్కులు లేనప్పుడు తోటి పిల్లలను కూర్చోబెట్టి తాను నమ్మినది చెప్తాడు. తండ్రి అడిగినప్పుడు అదే మాట ఆయన ఎదుటా చెప్తాడు. అతడి సాధనం మాట ఒక్కటే. స్తంభం వద్ద తండ్రీకొడుకుల మధ్య నడిచే ప్రశ్నోత్తరం తెలుగు పిల్లలకు తరతరాలుగా కంఠస్థం కావడానికి కారణం ఇదే. కథ ఉత్కంఠ ఆ ప్రశ్నకు వచ్చే సమాధానంలో ఉంది. స్తంభం పగలడం ఆ సమాధానానికి సాక్ష్యం.

త్యాగరాజు ఈ తర్కాన్ని చివరిదాకా తీసుకువెళ్లాడు. ‘ప్రహ్లాద భక్తి విజయం’ ప్రహ్లాదుణ్ణి సముద్రంలో పడవేసిన ఘట్టం చుట్టూ అల్లిన గేయనాటకం. అందులో హిరణ్యకశిపవధ లేదు. భక్తుడి ఎదురుచూపు, హరి దర్శనం మాత్రమే ఉన్నాయి. రాక్షసుడితో పోరు లేకుండానే ప్రహ్లాదుడి విజయాన్ని సంపూర్ణంగా చెప్పవచ్చునని తెలుగు సాహిత్యం రెండు శతాబ్దాల కిందటే నిరూపించింది.

ఈ విషయంలో ‘మహావతార్ నరసింహ’కు దక్కవలసిన మెప్పు ఉంది. ప్రహ్లాదుడి నిబ్బరాన్ని చిత్రం ఎక్కడా వీరావేశంగా మార్చలేదు. బాలుడి చేతికి ఆయుధం ఇవ్వలేదు. థియేటరుకు వచ్చిన పిల్లలకు భయపడని బాలుడు కనిపించాడు. అయితే చిత్రం అతణ్ణి నిలిపిన స్థానం రక్షణ పొందేవాడి స్థానం. పోతనలో ప్రహ్లాదుడు రక్షితుడు మాత్రమే కాదు, వధ తరువాత లోకాన్ని రక్షించేవాడు కూడా.

వధ తరువాత

హిరణ్యకశిపుడు చనిపోయాక నరసింహుడి కోపం చల్లారదు. దేవతలు దూరంగా నిలబడి స్తుతిస్తారు. లక్ష్మి సైతం దగ్గరకు వెళ్లదు. బ్రహ్మ ప్రహ్లాదుణ్ణి పంపుతాడు. రాక్షసుణ్ణి చంపగలిగిన శక్తిని ఆపగలిగినవాడు ఆ బాలుడొక్కడే. ఈ భీకరరూపానికి తాను జంకడం లేదని, సంసారచక్రానికే జంకుతున్నానని అతడు విన్నవిస్తాడు. వరం కోరుకొమ్మంటే తన మనస్సులో కోరికలే మొలవకుండా చూడమంటాడు. ఆ పైన తండ్రి పాపం పోవాలని అడుగుతాడు. ఇరవై ఒక్క తరాల పితరులతో పాటు తండ్రి పునీతుడయ్యాడని స్వామి చెప్తాడు. ప్రహ్లాదుడు తండ్రికి ప్రేతకార్యాలు జరిపి, ఆ తరువాతే పట్టాభిషిక్తుడవుతాడు.

ఈ కథాభాగం తమ్ముడికి అన్న జరిపిన ఉదకక్రియలతో మొదలై తండ్రికి కొడుకు జరిపిన అపరక్రియలతో ముగుస్తుంది. మొదటి క్రియ నుంచి పగ పుట్టింది. రెండో క్రియతో పగ తీరింది. పోరు ఈ రెంటి మధ్య ఒక ఘట్టం. శత్రువు మరణంతో కథ ముగిసిందని భావించే చట్రంలో ఈ నిర్మాణం ఇమడదు. చిత్రంలో ప్రేక్షకుడి ఉద్వేగం వధ దగ్గర శిఖరాన్ని అందుకుంటుంది. ఆ పైన వచ్చేది ఏదైనా ఉపశమనంగానే తోస్తుంది.

మేలట్టూరు ప్రదర్శన ఈ సంగతిని రంగస్థలం మీద స్పష్టం చేస్తుంది. అక్కడ నరసింహుడి ముఖోటుకు పూజ జరుగుతుంది. ఆ ముఖోటు ధరించిన నటుడు ఆవేశానికి లోనైనప్పుడు తోటివారు అతణ్ణి పట్టి నిలువరిస్తారు. ఉగ్రాన్ని పిలవడంతో పాటు దానిని ఆపే బాధ్యతను కూడా సమాజం తనమీద వేసుకుంటుంది.

కృష్ణాతీరపు నరసింహుడు

ఉగ్రాన్ని శాంతంలోకి తెచ్చుకోవడం గ్రంథాలకూ రంగస్థలానికీ పరిమితం కాలేదు. సూర్యాపేట జిల్లా మోతె నుంచి కోదాడ, మిర్యాలగూడల దాకా పల్లెల్లో నర్సింహ, నర్సయ్య, నర్సమ్మ, యాదగిరి అన్నవి ఇంటింటి పేర్లు. ఈ ప్రాంతానికి దక్షిణాన కృష్ణ ఒడ్డున ఉన్న మట్టపల్లిలో స్వామి యోగానంద లక్ష్మీనరసింహుడు. కృష్ణా–మూసీ సంగమం వద్ద వాడపల్లిలో గర్భగుడిలోని ఒక దీపం స్వామి ఊపిరికి కదులుతుందని, మరొకటి నిశ్చలంగా వెలుగుతుందని భక్తుల విశ్వాసం. యాదగిరిగుట్టలో చెప్పే ఐదు రూపాలు జ్వాల, గండభేరుండ, యోగానంద, ఉగ్ర, లక్ష్మీ నరసింహులు. వాటిలో యోగానంద, లక్ష్మీ రూపాలు శాంతానికి ప్రతీకలు.

ఈ ప్రాంతపు ప్రేక్షకుడికి నరసింహుడు కొత్తగా పరిచయమయ్యే వీరుడు కాడు. పేరు పెట్టి పిలుచుకునే ఇంటిదేవుడు. దీపాన్ని కదిలించే ఊపిరిగా తెలిసిన దైవాన్ని తెరమీద గర్జనగా చూసినప్పుడు కలిగే ఉత్సాహం నిజమైనదే. కాని ఆ గర్జన ఊపిరిగా ఎలా మారిందన్నది కథలో అత్యంత విలువైన భాగం. దానికి తగిన నిడివి చిత్రంలో లేదు.

ప్రాంతీయ కథనాల స్థానం

ఐదు భాషలకు ఒకే చిత్రం అందినప్పుడు కథలోని ప్రాంతీయ భేదాలు చెరిగిపోయే అవకాశం ఉంది. 1967 నాటి తెలుగు తెరమీద ప్రహ్లాదుడి తల్లి లీలావతి. ఈ చిత్రంలో ఆమె సంస్కృత భాగవతం ప్రకారం కయాధువు. ఇది చిన్న భేదమే. హోలిక ఘట్టం అంతకంటె ముఖ్యమైనది. భాగవత సప్తమస్కంధంలో హోలిక లేదు. ఉత్తరభారతంలో హోలీ పండుగకు ఆమె దహనం మూలకథ. తెలంగాణ పల్లెల్లో అదే పున్నమి కాముని పున్నమి, దాని మూలకథ కామదహనం. హోలిక కథను చేర్చడం దర్శకుడి స్వేచ్ఛ. అయితే ఏడు చిత్రాల వరుస స్థిరపడిన కొద్దీ తెరమీది పాఠమే ఏకైక పాఠంగా రేపటి తరానికి మిగిలే ప్రమాదం ఉంది. కాముని పున్నమికి కారణం అడిగిన విద్యార్థి హోలిక పేరు చెప్పే రోజుకు ముందే ఈ పాఠభేదాలను నమోదు చేయడం తెలుగు పరిశోధన బాధ్యత.

ముగింపు

‘మహావతార్ నరసింహ’ పురాణకథను కొత్త తరానికి చేర్చిన సమర్థమైన చిత్రం. ప్రహ్లాదుడి నిబ్బరాన్ని కాపాడింది, యానిమేషన్‌కు భారతీయ ప్రేక్షకుల్లో గౌరవం తెచ్చింది. కాని ప్రాణాంతక రాక్షసుణ్ణి గెలవడమే కథగా స్వీకరించడం వల్ల రెండు అంశాలు వెనుకబడ్డాయి. ఒకటి రాక్షసుడిలోని దుఃఖితుడైన అన్న, మమకారం గల తండ్రి. రెండోది గెలుపు తరువాత కూడా చల్లారని కోపం. తెలుగు సంప్రదాయం ఈ రెంటినీ ఎన్నడూ విడువలేదు. పోతన వాటిని ఉపాఖ్యానంలోనూ స్తుతిలోనూ నిలిపాడు. త్యాగరాజు వధనే విడిచాడు. కృష్ణాతీర క్షేత్రాలు ఉగ్రాన్ని యోగంగా మలిచాయి. చంపిన చేయి బాలుడి తల నిమిరేదాకా ఈ కథ పూర్తికాదు. ఈ వరుసలో రానున్న చిత్రాలను పరిశీలించేవారికి, ముఖ్యంగా పరశురాముడి వంటి ఆగ్రహమూర్తి కథ విషయంలో, ఇదే ప్రమాణం ఉపయోగపడుతుంది.