బృందం విడిచిన గొంతు: జేన్ మాలిక్ తొలి సోలో ఆల్బమ్

పేరున్న బృందంలోని గాయకుడు బయటికి వచ్చి సొంతంగా ఆల్బమ్ చేస్తే విమర్శకుడు మొదట అడగవలసింది ఒకటే. ఈ గొంతు ఒంటరిగా నిలబడుతుందా? శ్రీరాంపూర్ పరిసరాల్లో ఒగ్గుకథ విన్నవారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. వంత ఎంత బాగా పాడినా, కథ మొత్తం తానే నడిపించవలసి వచ్చినప్పుడే ఆ కళాకారుడి సత్తా తెలుస్తుంది.

2010లో బ్రిటన్‌లో 'ది ఎక్స్ ఫ్యాక్టర్' అనే టీవీ పోటీకి విడివిడిగా వచ్చిన ఐదుగురు కుర్రాళ్లను కలిపి 'వన్ డైరెక్షన్' బృందాన్ని తయారుచేశారు. ఒక్కొక్కరు రెండు మూడు పంక్తులు పాడతారు, పల్లవికి అందరూ కలుస్తారు. పై స్థాయి స్వరాలు చాలావరకు జేన్ మాలిక్ వంతు. అతడు 2015 మార్చి 25న బృందాన్ని వీడాడు. సరిగ్గా ఏడాదికి, 2016 మార్చి 25న 'మైండ్ ఆఫ్ మైన్' విడుదలైంది.

ఈ ఆల్బమ్‌లో హుషారు పాప్ లేదు. ఆఫ్రికన్ అమెరికన్ల 'ఆర్ అండ్ బీ' సంప్రదాయాన్ని అతడు ఎంచుకున్నాడు. ఫ్రాంక్ ఓషన్ 'ఛానల్ ఆరెంజ్'కు పనిచేసిన మాలే ఇక్కడ ప్రధాన నిర్మాతల్లో ఒకరు. లయ నెమ్మదిగా నడుస్తుంది, వాద్యాలు వెనక్కి తగ్గుతాయి, గొంతు ముందుకు వస్తుంది. 'ఫూల్ ఫర్ యు'లో పియానో మీద ఆ గొంతును వినండి. దాచుకోవడానికి చోటు లేని పాట అది. అతడు తడబడలేదు.

మొదటి పాట 'పిల్లోటాక్', ఆ తర్వాత ఆల్బమ్ కూడా అమెరికా, బ్రిటన్ జాబితాల్లో మొదటి స్థానంలో నిలిచాయి. విద్యార్థులు ఇక్కడ జాగ్రత్తపడాలి. ఆ స్థానం పాత అభిమానుల బలాన్ని చెబుతుంది, మన ప్రశ్నకు జవాబు కాదు.

లోపం సాహిత్యంలో ఉంది. 14 పాటల్లో ఎక్కువ భాగం శారీరక ప్రేమ, దాని తగాదాల చుట్టూనే తిరుగుతాయి. రెండో సగంలో ఏ పాట ఎక్కడ ముగిసిందో గుర్తుపట్టడం కష్టం. పాటల పేర్లలో పెద్ద, చిన్న ఇంగ్లీషు అక్షరాలను కలగలపడం కొత్తదనం కోసం పడ్డ తాపత్రయమే తప్ప అర్థానికి ఏమీ చేర్చదు. అట్ట మీద మాత్రం చిన్ననాటి ఫొటోకు ఇప్పటి పచ్చబొట్లు వేశారు. ఆ బొమ్మ 'నేను ఎక్కడి నుంచి వచ్చాను' అని అడుగుతుంది, పాటలు ఆ మాటే ఎత్తవు.

ఒక్క పాట తప్ప. ఏడవదైన 'ఫ్లవర్' రెండు నిమిషాలు కూడా ఉండదు, దాన్ని ఉర్దూలో పాడాడు. జేన్ తండ్రి పాకిస్తాన్ మూలాలవాడు. పెరిగిన ఊరు బ్రాడ్‌ఫర్డ్, ఉన్ని మిల్లుల పనికి వలసవచ్చిన కుటుంబాలు స్థిరపడ్డ పట్టణం. బొగ్గు బావుల కోసం నలుమూలల జనం చేరిన సింగరేణి ప్రాంతపు పాఠకుడికి అలాంటి ఊరిని ఊహించుకోవడం తేలిక. ఈ పాటలో స్వరం కదిలే తీరే వేరు, గమకం దగ్గర అతడు తొందరపడడు. బృందంలో ఉండగా అతనికి ఈ పాటకు చోటు దొరికేది కాదని నా అభిప్రాయం. అయినా దానికి 'విరామం' అని పేరుపెట్టి, వెంటనే మళ్లీ పాత దారిలోకి వెళ్లిపోయాడు.