రైతుకు తెలివి పెరగదా?

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో ‘రేస్’ పోయి ‘స్పీషీస్’ వచ్చింది. ఎనిమిదేళ్ల తర్వాత మళ్లీ ఆటలోకి వచ్చిన నాకు ముందు కంటబడింది ఇదే. 2014 పుస్తకంలో ఎల్ఫ్‌గా పుడితే చాలు, చురుకుదనానికి 2 పాయింట్లు అదనం. ఇప్పుడు పుట్టుకకు ఆ అదనం లేదు. ‘బ్యాక్‌గ్రౌండ్’కి, అంటే సాహసాలకు బయల్దేరకముందు ఆ పాత్ర చేసుకున్న పనికి ఇచ్చారు. మంచి మార్పే. అమెరికాలో కూచుని చదివితే ఇంకా మంచిగా కనిపిస్తుంది.

నేను ఆడింది నారాయణఖేడ్‌లో, బాబాయి పిల్లలతో. తెలియనివాళ్ల కోసం: ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్రయి ఏం చేస్తారో చెప్తారు, అది అయ్యిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. పుస్తకం ఇంగ్లీషు, ఆట మాత్రం మా తెలుగు. స్పీషీస్‌కి ‘జాతి’ కంటే దగ్గరి మాట లేదు. “నీదే జాతి?” అంటే ఇంటర్ చదివే తమ్ముడు నవ్వి, “ఆటల గూడ అడుగుతరా?” అన్నాడు.

తర్వాత బ్యాక్‌గ్రౌండ్లు, మొత్తం 16. రైతుకు బలం, ఓర్పు, వివేకం, వీటిలోనే అదనం. లేఖకుడికైతే చురుకుదనం, తెలివి, వివేకం. “అంటే రైతుకు తెల్వి పెర్గదా అన్నా?”

పూర్తిగా అలా కాదు. మొదట వచ్చిన అంకెల్లో పెద్దదాన్ని తెలివికే పెట్టుకోవచ్చు. కానీ ఆ అదనం మాత్రం పని చెప్పిన చోటికే పోతుంది. పుట్టుకను తీసేసి పనిని పెట్టడం విడుదలలా అనిపించాలంటే, పని మనిషి ఎంచుకున్నదై ఉండాలి. కులవృత్తి అనే మాట ఉన్న భాషలో ఆ రెండూ వేరు కాదు. పుస్తకం వాకిట్లోంచి పంపేసింది మా దగ్గర దొడ్డిదారిన వచ్చి కూచుంది.

నన్ను ఇంకా ఇబ్బంది పెట్టింది వేరే. మనకు కావాల్సిన బ్యాక్‌గ్రౌండ్ మనమే కట్టుకునే వీలు 2014లో ఆటగాళ్ల పుస్తకంలోనే ఉండేది. కొత్త పుస్తకం 384 పేజీలకు పెరిగింది గానీ, ఆ పద్ధతి మాత్రం కథ నడిపేవాళ్ల కోసం వేసిన డంజియన్ మాస్టర్స్ గైడ్‌లోకి వెళ్లిపోయింది. ఇప్పుడు ఆటగాడు అడగాలి, మాస్టర్ ఒప్పుకోవాలి. (మా వైపు దొరను అడగడం ఎట్లా ఉండేదో తాతలు చెప్పేవాళ్లు.)

తమ్ముడు అడిగాడు. బలం, తెలివి, వివేకం రాసుకోమన్నాను. మొదటి రోజే అతని రైతు గుహలో శాసనం చదవబోతే పాచిక మీద 2 పడింది. పక్కనున్న దొంగ చదివిపెట్టాడు.