నోటి దినచర్యకు ముందుమాట

ఖరగ్‌పూర్ రైల్వే కుటుంబంలో పుట్టి, హిజ్లీలో కాపురముంటున్న ఈ రచయిత్రి రాత్రిపూట ఆనాటి సంగతులు ఫోనులో రికార్డు చేస్తూ చెప్పుకుంటుంది. అలా దాచుకున్న మాటల్లోంచి ఏరి కూర్చిన పుస్తకం ఇది. నేను రాతప్రతి తెరిచే ముందు ఆ మాటలనే విన్నాను.

హిజ్లీ అనగానే పుస్తకాలు రెండు సంగతులు చెబుతాయి. 1931 సెప్టెంబరు 16న నిర్బంధ శిబిరంలో పోలీసు కాల్పులకు సంతోష్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా బలికావడం ఒకటి, ఆ శిబిరం భవనంలోనే దేశపు మొదటి ఐఐటీ మొదలవడం మరొకటి. పక్కనే రైలు పని చేసి బతికిన తెలుగువాళ్ల రోజులు మాత్రం పుస్తకాల్లో అంతగా కనబడవు. 1902లో తూర్పు తీర రైలుమార్గపు ఉత్తర భాగం బెంగాల్ నాగపూర్ రైల్వేలో కలిసింది. ఆ దారిలోనే శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి బండెక్కి వచ్చినవాళ్లు ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో, షెడ్లలో కుదురుకున్నారు. వాళ్ల మునిమనవలకు ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, బెంగాలీ, బడిలో ఇంగ్లీషు. తెలుగు ధారాళంగా మాట్లాడుతూ ఒక్క అక్షరం రాయలేనివాళ్లు నింపురలోనూ మథురాకాటిలోనూ ఎందరో ఉన్నారు. డైరీ రాసుకో అంటే వాళ్లు ఏ లిపిలో రాయాలి? నోటితో చెప్పుకునే దినచర్య విలువ నాకు ఇక్కడే తెలిసింది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాషగా గుర్తింపునిచ్చింది. సంతోషం. అయితే "మీ తాత డూటీకెల్లిపోనాడు" అనే అమ్మమ్మ పలుకును ఏ ఉత్తర్వూ కాపాడలేదు. అది ఎవరో ఒకరి గొంతులో నిలవాలి. జనం మాట్లాడే తెలుగు కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు కూడా ఆ శ్రీకాకుళం గడ్డ మనిషే.

మాటను చెప్పి దాచుకోవడం మనకు కొత్త కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలు విని స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. మల్లు స్వరాజ్యంగారి ఆత్మకథ కూడా ఆమె చెబుతుంటే రూపుకట్టిందే. కాకపోతే అక్కడ ఎదుట అడిగేవాళ్లున్నారు. ఇక్కడ ఎవరూ లేరు. అందుకే ఈ రచయిత్రి అత్తగారి మీద కోపాన్నీ, తండ్రి పోయిన నెలనాటి దిగులునూ ఏ మెరుగులూ లేకుండా చెప్పుకోగలిగింది. కలం పట్టి ఉంటే వాక్యం సరిచేసుకుంటూ సగం మింగేసేదని నా నమ్మకం. 2006లో మనస్తత్వ శాస్త్రవేత్త లుబోమిర్‌స్కీ, ఆమె సహచరులు ఒక అధ్యయనం వెలువరించారు. తమ జీవితంలోని అతి చేదు అనుభవాన్ని రాసుకున్నవాళ్లకూ టేపురికార్డరుకు చెప్పుకున్నవాళ్లకూ మేలు కనబడింది, మనసులోనే తిప్పుకున్నవాళ్లకు అంత కనబడలేదు. నైట్ డ్యూటీ దిగి వచ్చి కలం పట్టే ఓపిక లేని మనిషికి ఇది ఎంత పెద్ద మాట!

ఎడిసన్ 1878లోనే ఫోనోగ్రాఫు ఉపయోగాలు చెబుతూ, ఇంటివాళ్ల మాటలను వాళ్ల గొంతుతోనే భద్రపరచుకోవడాన్నీ చేర్చాడు. ఆ వసతి ఇవాళ కూలి మనిషి జేబులోకీ వచ్చింది.

ఒక్క విషయంలో రచయిత్రితో నాకు పేచీ ఉంది. అచ్చుకిచ్చేటప్పుడు తడబాట్లు, మౌనాలు తీసేసింది. తండ్రి పేరు దగ్గర ఆమె ఆగిపోయిన తీరు ఈ పేజీల్లో లేదు, శబ్దంలో ఉంది. అమ్మా, ఆ అసలు ప్రతులను చెరపకు. చెప్పిన ప్రతి సంగతికీ ముందు తేదీ, ఊరు పలకడం మాత్రం నీ మంచి అలవాటు. అది లేకపోతే పదేళ్ల తర్వాత ఏ ముక్క ఎప్పటిదో వెతుక్కోలేం.

రాయడం రాదని వెనకాడే తెలుగు బిడ్డలారా, ఇంట్లో పెద్దవాళ్లున్నవాళ్లారా, ఈ పుస్తకం చదివించుకుని వినండి. ఈ రాత్రే తేదీ చెప్పి మొదలుపెట్టండి. ఫోను మారేలోగా ఆ మాటలను మరోచోట కూడా దాచిపెట్టండి.