గోధుమ వేషంలో గడ్డి

పొలంలో కలుపు కనబడగానే మన నోట వచ్చే మొదటి మాట 'ఏ మందు కొట్టాలి?' అన్నది. అది మూడో ప్రశ్నో నాలుగో ప్రశ్నో కావాలని నా వాదన. హర్యానా, పంజాబ్ గోధుమ పొలాలను పీడిస్తున్న ఫలారిస్ మైనర్ అనే గడ్డే ఇందుకు సాక్ష్యం. హర్యానా రైతులు మండూసీ అని, పంజాబీలు గుల్లీ డండా అని పిలిచే దీని పుట్టిల్లు మధ్యధరా ప్రాంతం. మెక్సికో గోధుమ విత్తనాలతో కలిసి దిగిందని చాలామంది అంటారు. ఎలా దిగినా, మేపింది మాత్రం మన సేద్యమే. ఏటా వరి కోయగానే గోధుమ, గోధుమ కోయగానే వరి, మధ్యలో కావలసినంత నీరూ యూరియా. వరి మడి నీళ్ల కింద నెలల తరబడి నానినా దాని గింజ చావదు, చలి మొదలై నేలలో పదును ఉంటే చాలు లేస్తుంది.

లేత వయసులో అది అచ్చం గోధుమే. మన వరిలో ఊద కూడా ఇలాగే తప్పించుకుంటుంది, ఆకు కాండాన్ని పట్టుకునే చోట వరికి ఉండే పొర దానికి ఉండదని తెలిసినవాళ్లే దాన్ని పట్టుకోగలరు. మండూసీకి ఆ పొర ఉంటుంది, పెద్దదే. లేనివి గోధుమ ఆకు మొదట్లో కాండాన్ని చుట్టుకునే చిన్న చెవులు. ఇంకా తేలిక గుర్తు, మొక్క మొదలు ఎర్రగా ఉంటుంది, నలిపితే ఎర్రటి రసం వస్తుంది. వంగి చూసేవాడికి ఇది అర నిమిషం పని. గుబురు కంకి పైకి వచ్చాక ఎవరైనా గుర్తుపడతారు గానీ అప్పటికి ఆలస్యమైపోతుంది. గోధుమ కోతకు రాకముందే దాని గింజ నేల రాలుతుంది.

ఐసోప్రోట్యురాన్ అనే మందు చాలా ఏళ్లు దీన్ని అదుపులో ఉంచింది. 1990ల మొదట్లో హర్యానాలో ఆ మందుకు చావని మొక్కలు బయటపడ్డాయి. కొన్నిచోట్ల గడ్డి ఎంత ముదిరిందంటే రైతులు పచ్చి గోధుమనే పశువుల మేతకు కోసేశారు. రైతులు మోతాదు తగ్గించి, తోచినట్టు పిచికారీ చేశారు కాబట్టే ఇలా జరిగిందని ఒక వివరణ ఉంది. అందులో నిజం లేకపోలేదు. అయితే మోతాదు సరిగ్గా ఉన్నా, ఒకే మందు ఏటేటా కొడితే దానికి తట్టుకున్న నాలుగు మొక్కలే విత్తనం కడతాయి. వరి, గోధుమ తప్ప మరో పంట ఎరగని పొలాల్లోనే ఈ బెడద ఎక్కువ కావడం, బర్సీమ్ మేత, చెరకు, పొద్దుతిరుగుడు మధ్యలో వచ్చిన చోట తక్కువ కావడం గమనించాలి. తర్వాత వచ్చిన క్లోడినాఫాప్‌ వంటి మందులకూ కొన్నేళ్లకే అదే గతి పట్టింది.

మద్దతు ధరకు కొనేది వరీ గోధుమే అయినప్పుడు పంట మార్చమనడం సులువు, మార్చడం కష్టం అంటారు. ఒప్పుకుంటాను. కానీ పంట మార్చకుండానే చేయగలిగింది ఒకటుంది, దుక్కి మానడం. దున్నిన ప్రతిసారీ లోపల పడి ఉన్న గింజ మొలిచే లోతుకు వస్తుంది. వరి కొయ్యకాళ్ల మధ్యే యంత్రంతో గోధుమ విత్తితే సాళ్ల మధ్య నేల కదలదు, గడ్డి తక్కువ మొలుస్తుంది. అక్టోబరు చివర్లో, నేల ఇంకా వెచ్చగా ఉండగా విత్తితే గోధుమ ముందు లేస్తుంది, చల్లదనం కోరే మండూసీ వెనకబడుతుంది. డీజిలు ఖర్చూ తగ్గుతుంది. రైతును ఒప్పించేది బహుశా కలుపు లెక్క కన్నా ఈ లెక్కే. ఇక చేత్తో కలుపు తీయడానికి కూలీలు దొరకరన్న మాట. ఎకరమంతా చేత్తో తీయమని ఎవరూ అనడం లేదు. మందు కొట్టాక అక్కడక్కడా మిగిలినవాటిని కంకి గింజ కట్టకముందే పీకేయాలి. మందు తమ మీద పనిచేయదని చూపించింది ఆ మొక్కలే, గట్టు మీద కాకుండా పొలం బయటికి మోసుకెళ్లి పారేయాల్సిందీ వాటినే.