కొలిమి దగ్గర ఎవరు నిలబడ్డారు?

కొంపల్లి అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు శనివారం పొద్దున్నే కార్ల డిక్కీల్లోకి టెంట్లు, మడత కుర్చీలు ఎక్కుతున్నాయి. కొందరు శామీర్‌పేట వైపు, కొందరు అనంతగిరికి, ఓపికున్నవాళ్లు నల్లమల దాకా. టెంటు వెనకాలే కత్తీ వచ్చింది. మడిచి జేబులో వేసుకునేది కాదు, ఒరలో పెట్టి నడుముకు కట్టుకునేది. మొన్న మా బ్లాకు కుర్రాడొకడు ఫోన్‌లో నాలుగు బ్రాండ్లు చూపించి, "అంకుల్, దీనికి రెండు వేలు, దానికి పన్నెండు వేలు. రెండూ కోసేవే కదా, అంత తేడా ఎందుకు?" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే. పేరు చూసి కొనేవాళ్లెవరికీ ఇది తట్టదు.

ప్రకటనల్లో ముందు కనిపించేది ఉక్కు పేరు. 1095 అంటే సుమారు 0.95 శాతం కార్బన్ ఉన్న మామూలు ఉక్కు. పదును బాగా ఎక్కుతుంది, తడి తగిలితే తుప్పు పడుతుంది. పచ్చి మామిడికాయ కోసి తుడవకుండా పెడితే కాసేపటికే నల్లబడుతుంది. స్వీడన్ వాళ్ల 12సీ27లో 13 శాతం పైనే క్రోమియం ఉంటుంది కాబట్టి వానాకాలం భయం తక్కువ. డీ2 పదును చాలాకాలం నిలుపుకుంటుంది గానీ, ఒకసారి మొద్దుబారితే అడవిలో చిన్న సానరాయితో దాన్ని దారికి తేవడం మహా కష్టం. వీటిలో ఏదీ చెడ్డది కాదు. పేరు చెప్పకుండా వట్టి 'స్టెయిన్‌లెస్ స్టీల్' అని రాసి ఊరుకున్న కత్తినే అనుమానించాలి.

అయితే ఉక్కు పేరు సగం సంగతే. మేడ్చల్ రోడ్డు మీద లారీ కమాను పట్టీ ముక్కలతో కత్తులు, కొడవళ్లు చేసే కమ్మరి ఒకాయన నాతో అన్న మాట ఇది: "పట్టీ ఎక్కడైనా దొరుకుతది సార్. కాల్చి ముంచుడే అసలు పని." పాయనం పెట్టడమంటే ఇదే. ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే ఉక్కు గాజంత గట్టిపడుతుంది, గాజులాగే పగులుతుంది కూడా. అందుకే మళ్లీ సన్నని వేడి చూపించి ఆ పెళుసుతనం తీసేస్తారు. ఆరుబయట వాడే కత్తులు చాలావరకు రాక్‌వెల్ స్కేలు మీద 56 నుంచి 60 మధ్య ఉంటాయి. ఫ్యాక్టరీలో కొలిమి వేడిని మీటరు చూపిస్తుంది. ఈయనకు ఆ మీటరు కంట్లోనే ఉంది. కాలిన ఇనుము రంగు సరిగా కనబడాలని ఆ పని నీడపట్టున చేస్తాడు.

మరి కొనేవాడికి మీటరూ లేదు, ఆయన కన్నూ లేదు. ఒక పద్ధతి ఉంది. కొత్త కత్తిని ట్యూబ్‌లైటు కింద పట్టుకుని అంచును సూటిగా చూడండి. మంచి పదునున్న అంచు కంటికి ఆనదు. ఎక్కడైనా తెల్లని చుక్క మెరిస్తే అక్కడ పదును లేదన్నమాట. పాత న్యూస్‌పేపరును పిడి దగ్గర నుంచి మొన దాకా ఒక్క లాగులో కోయండి; ఎక్కడ తట్టుకుంటే అక్కడ సాన సరిగా పట్టలేదు. ఆ తర్వాత ఎండిన తుమ్మకట్టె తీసుకుని కాసేపు పేళ్లు తీసి, మళ్లీ లైటు కింద పెట్టండి. అంచు పక్కకు మడత పడిందా, ఉక్కు మెత్తగా ఉంది. చిన్న చిన్న పెచ్చులు ఊడాయా, పెళుసుతనం పోలేదు, లేదా అంచు మరీ పలచగా దించారు. ఏ మార్పూ లేకపోతే కాల్చినవాడికి పని తెలుసు. మడతకీ పెచ్చుకీ తేడా తెలిస్తే చాలు, ప్రకటనల్లో మాటలు సగం అక్కర్లేదు.

పిడి విషయంలోనూ ఒక మూఢనమ్మకం ఉంది: అలుగు ఇనుము పిడి చివరిదాకా ఉంటేనే అది కత్తి అని. దుంగ మీద పెట్టి బాదేవాడికి అది నిజమే. కానీ 1891 నుంచి కత్తులు చేస్తున్న స్వీడన్ మోరా ఊరి బ్రాండు చూడండి. దాని కంపానియన్ కత్తిలో ఇనుము పిడి మధ్యలోనే ఆగిపోతుంది, అలుగు మందం రెండున్నర మిల్లీమీటర్లు. ఖరీదులో దాదాపు అట్టడుగు. అయినా పుల్లలు చెక్కడానికీ, తాడు కోయడానికీ దాన్ని మించినవి తక్కువ. మనవాళ్లు పిక్నిక్కులో చేసే పని అంతే కదా. పొడుగు మీద మోజున్నవాళ్లు చట్టాన్నీ గుర్తుపెట్టుకోవాలి. ఇంటి, వ్యవసాయ, శాస్త్ర, పరిశ్రమ పనుల కోసం చేసినవి కాకుండా 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు అలుగున్న కత్తులను 2016 నాటి ఆయుధ నిబంధనలు ఆయుధాల జాబితాలో చేర్చాయి. నాలుగైదు అంగుళాలుంటే క్యాంపు పని మొత్తం అయిపోతుంది.

ఇక బ్రాండు దేనికి? దీనికి జవాబు మా కొంపల్లి మీదుగా పోయే హైవేలోనే ఉంది. 44వ నంబరు రోడ్డు పట్టుకుని కామారెడ్డి దాటి ఆర్మూరు దాకా పోయి, అక్కడి నుంచి పక్కకు మళ్లితే కోనసముద్రం వస్తుంది. డమాస్కస్ కత్తులకు పేరు తెచ్చిన ఊట్జ్ ఉక్కు తయారైన ఊళ్లలో అదొకటి. రెండు ఊళ్ల ఇనుమును పాళ్ల ప్రకారం కలిపి, మట్టి మూసల్లో మూసి, రోజంతా తిత్తులు ఊది ఉక్కు ముద్దలు తీసేవారు. సర్వే శాఖలో పనిచేసిన డాక్టర్ హెన్రీ వోయిసీ ఆ పనిని కళ్లారా చూసి రాసిన వివరం, ఆయన పోయాక 1832లో అచ్చయింది. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన హాజీ హుసేన్ అనే వర్తకుడు 1820 ప్రాంతంలో అక్కడే మకాం వేసి, ఇనుము తూకాలనూ ఉక్కు గట్టిదనం పరీక్షలనూ స్వయంగా దగ్గరుండి చూసుకునేవాడట. సముద్రం దాటి వచ్చిన మనిషి కొలిమి దగ్గర ఎందుకు నిలబడ్డాడు? ఈ మూసలో వచ్చిన ముద్ద లాంటిదే పక్క మూసలోనూ వస్తుందన్న హామీ అక్కడ మరొకరెవరూ ఇవ్వరు కనుక.

ఇవాళ మనం బ్రాండుకు కట్టే అదనపు డబ్బు అలా నిలబడినవాడి కూలి. ఒక్క మెతుకు పట్టి చూస్తే కుండంతా తెలిసినట్టు, నిక్కమైన బ్రాండులో ఒక కత్తి చూస్తే వెయ్యి కత్తుల సంగతి తెలియాలి. ఉక్కు పేరు, గట్టిదనం అంకె రాసి, పాడైతే మారుస్తామని మాటిచ్చిన కంపెనీ ఆ కూలికి తగినదే. వీటిలో ఏదీ చెప్పకుండా పేరు మాత్రం పెద్దక్షరాలతో కొట్టినవాడికి ఆ కూలి ఎందుకివ్వాలి?

మన దాకా వచ్చేసరికి లెక్కలో ఇంకోటి కలుస్తుంది. విదేశీ కత్తి ధరలో దిగుమతి సుంకం, ఓడ ఖర్చు, నడుమ అమ్మినవాళ్ల లాభం ఉంటాయి. ఆ డబ్బు అంచుకు చేరదు. కొన్ని అమెరికా బ్రాండ్లు జీవితకాలం గ్యారంటీ ఇస్తాయి, ఇచ్చిన మాట నిలుపుకుంటాయి కూడా. కానీ విరిగిన కత్తిని కొంపల్లి నుంచి అక్కడికి పంపే ఖర్చు పెట్టుకునేవాడెవరు? మేడ్చల్ రోడ్డు కమ్మరి గ్యారంటీ కాగితం ఇవ్వడు. పెచ్చు ఊడిన కత్తి పట్టుకుపోతే మాత్రం అప్పటికప్పుడే మళ్లీ కొలిమిలో పెడతాడు.

కుర్రాడికి చెప్పింది ఇదే: మొదటి కత్తికి రెండు వేల మోరా కొను, ఏడాది వాడు. పేళ్లు తీసే పనికి అది చాలకపోతే, చాలనిది ఏమిటో అప్పటికి నీ చేతికే తెలుస్తుంది. అది గట్టిదనమైతే అంకె రాసిచ్చే బ్రాండుకు పన్నెండు వేలు పెట్టు. కొట్టి నరికే బరువైతే మేడ్చల్ రోడ్డుకు పో, కానీ కాల్చేటప్పుడు అక్కడే నిలబడు.